అన్నిటికీ నడిమిదే

ఇదిగో, నిన్నే, కాలు మీద కాలేసుకుని, నన్ను మోసం చేసేవాడింకా పుట్టలేదన్నట్టు కూర్చున్న పెద్దమనిషీ, నిన్నే అంటున్నాను. మొన్న బండి మీద మామిడిపండ్లు కొని, ఇంటికెళ్లి సంచి బోర్లిస్తే అడుగున నాలుగూ కుళ్లినవే వచ్చాయి చూడు, ఆ మొహం నీదే కదూ? గోడ మీద "మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ" అని చదివి మీ బామ్మర్దిని అమీర్‌పేట తోలింది కూడా నువ్వే. సిగ్గుపడకయ్యా, నీకంటే ఘనుడొకడున్నాడు. వాడి పేరు ఓదెలు. యాభైకి రెండు తక్కువ, ఏడో తరగతి ఫెయిలు, చెక్కపని. కోచింగ్ సెంటర్లకు ఒక్క హాలును నాలుగు గదులుగా చీల్చే ప్లైవుడ్ గోడలు కొట్టీ కొట్టీ సగం అమీర్‌పేటను ముక్కలు చేసినవాడు. మైత్రీవనం మెట్ల మీద బ్యాగు తగిలించుకుని "అన్నా, జావా ఎక్కడ నేర్పుతరు?" అని అడిగిన పిల్లగాళ్లను హోమియోపతి డాక్టరు దగ్గరికి పంపిన మహానుభావుడు. వాళ్లలో ముగ్గురు, డాక్టరు నాలుక చూపించమంటే చూపించి, మాత్రలు కూడా మింగి వచ్చారు. మేస్త్రీల చెప్పుల్ని పలకకు మేకులు కొట్టి బిగించడం, టీలో ఉప్పు వెయ్యడం, నిద్రపోతున్నవాడి మీసానికి ఫెవికాల్ పుయ్యడం, ఇవన్నీ ఆయనకు పొద్దున పళ్లు తోముకోవడంతో సమానం. అంతటివాడిని ఒకరు బోల్తా కొట్టించారు. ఎవరు, ఎలా అన్నది విను. మధ్యలో "నాకు ముందే తెలుసు" అన్నావంటే మాత్రం మామిడిపండ్ల సంగతి మీ ఆవిడకు చెప్పేస్తాను.

శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలు. మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న గేమింగ్ సెంటర్లో, మూడో కేబిన్లో, కొబ్బరిచిప్పలంత హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, మూతి ముందు మైకు పుల్ల వేలాడుతుంటే, ఓదెలు కంప్యూటర్ ముందు బిగుసుకుని కూర్చున్నాడు. వచ్చింది ఊడిపోయిన తలుపు బిగించడానికి. కూర్చోబెట్టింది సుకన్య. ఆ సెంటర్ నడిపేది ఆ పిల్లే, ఓదెలు తమ్ముడు పెంటయ్య కూతురు. "పెద్దబాపూ, తలుపు తర్వాత బిగిద్దువు, జర గీ ఆట సూడు," అంటూ పక్కన నిలబడి చూపించింది. తెర మీద కత్తి పట్టుకున్నవాడు ఓదెలు. వాడి వెంట ముగ్గురు జతగాళ్లు, కర్ర పట్టుకున్న ముసలి మంత్రగాడు, బాణాల పిల్ల, గొడ్డలి పట్టుకున్న గడ్డపు పొట్టివాడు. "ముసలాయన, పిల్ల ఉత్త బొమ్మలు. గీ పొట్టాయన మాత్రం మా బాపు. పంజాగుట్టల మా ఇంకో సెంటర్ ఉంది గద, అండ్ల కూసోని ఆడుతుండు. నువ్వు మైకుల ఏం మాట్లాడినా ఆడ బాపుకు ఇనవడతది. బాపు మైకు కరాబైంది, ఆయన మాట నీకు ఇనరాదు. ఆట ఇంగ్లీషుల మాట్లాడుతది, దానికి ఫికర్ వద్దు. ఎదుటోడు ఏమన్న అన్నప్పుడల్ల మూడు జవాబులొస్తయి. పైది మెత్తగ మాట్లాడుడు. నడిమిది జోక్. కిందిది కొట్లాట. ఒక్కటి నొక్కుడే." ఓదెలు "మీ బాపుకు కుడిచెయ్యి..." అని మాట మధ్యలో ఆపేశాడు. "ఎడమ చేత్తోని ఆడుతడు," అనేసి ఆ పిల్ల కౌంటర్ వైపు వెళ్లిపోయింది, ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

ఏడేళ్లు. పిల్లతో మాటలున్నా, ఏడేళ్ల నుంచి ఓదెలు తమ్ముడితో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో పెంటయ్య ఈ వరసలో కూర్చుంటే ఆయన ఆ వరసలో కూర్చున్నాడు, పెంటయ్య ఎర్రమంజిల్ ఆఫీసులో వాచ్‌మన్‌గా చేరాక ఆ రోడ్డు మీద బస్సు కూడా ఎక్కలేదు, పంజాగుట్ట ఫ్లైఓవర్ కనబడితే మొహం తిప్పుకునేవాడు. చెప్పవలసిన మాట ఒకటుంది, ఆ ఒక్కటి చెప్పకుండా ఇంకే మాటా గొంతు దాటి రాదు. చెబితే తమ్ముడు ఉండడు. చెప్పకపోయినా లేడు. ఇప్పుడు ఆ తమ్ముడే, గడ్డం పెట్టుకుని, గొడ్డలి పట్టుకుని, జానెడు దూరంలో అద్దం అవతల నిలబడి ఊపిరి పీల్చుకుంటున్నాడు, భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి, మైకు మూతి ముందే ఉంది, నోరు తెరిస్తే చాలు. నోరు తెరిచాడు. "ఏం పెంటిగా, గడ్డం ఎప్పుడు పెంచినవ్‌రా?" అన్నాడు.

అంతలోనే వంతెన వచ్చింది, వంతెన మీద కొమ్ముల టోపీలవాళ్లు వచ్చారు, ఓదెలు మౌసు మీద వేలు పెట్టి నొక్కుతుంటే అక్కడ కత్తి లేచి దిగుతోంది, లేచి దిగుతోంది, బాడిసతో దుంగ చెక్కినట్టు మనుషుల్ని చెక్కుతోంది, ఒకడి భుజం విడిపోయి పక్కకు వాలింది, ఎర్రగా జిమ్మింది, అబ్బో నెత్తురు కూడా గీసినవాడు ఎవడో గాని మస్తు చూసి గీశాడు, ముందు జిమ్ముతుంది, ఆ తర్వాతే కారుతుంది, అది చూడనివాడికి ఎలా తెలుస్తుంది, దసరాకు మేకను కోసినప్పుడు నాయిన పక్కన గిన్నె పట్టుకుని నిలబడిన రోజు తెలిసింది ఓదెలుకు, గిన్నె వణికితే నాయిన మొట్టాడు, పెంటిగాడు మాత్రం వాకిట్లో ఏడుస్తూ మేకకు ఆకులు తినిపించాలంటూ ఆకులు పట్టుకుని నిలబడ్డాడు, తల తెగిన మేకకు ఆకులేంటిరా అని తనే నవ్వాడు, అప్పుడూ తనే నవ్వాడు, ఇదిగో బాణం, మొహం మీదికే, కన్ను మూసుకునేంతలో ఆ పొట్టివాడు అడ్డం వచ్చాడు, ఛాతీలో దిగింది బాణం, పీకి పారేసి గొడ్డలి విసిరాడు, వంతెన చివర ఒకడి తల పుచ్చకాయలా రెండైంది. "అరె తమ్మీ, పైలం!" అని అరిచాడు ఓదెలు, పక్క కేబిన్లో ఎవరో దగ్గారు. పైలం, జాగ్రత్త అని తను అనడమా, తన మీదికి వచ్చింది వాడు మీద వేసుకోవడమా, సెంట్రింగు పనుల రోజుల్లో నాలుగో అంతస్తు నుంచి తను సరదాగా కట్టె జారవిడిస్తే కింద ఉన్న ముసలావిడను పక్కకు లాగింది వాడే, కట్టె వాడి వీపు మీద పడింది, వీపంతా కమిలిపోయినా సాయంత్రం కల్లు దగ్గర ఎవరికీ చెప్పలేదు, చెప్పే రకం కాదు, వీడూ చెప్పడు, ఇలా అడ్డం వచ్చి నిలబడతాడంతే. ఓదెలు కళ్లు మసకబారాయి. ఆట ఆగింది, దొంగల నాయకుడు మోకాళ్ల మీద దొరికాడు, వాడి చేతిలో ఒక పల్లెటూరివాడి జుట్టు, ఆ గొంతు మీద కత్తి. మూడు జవాబులు వచ్చాయి. ఓదెలు ఆలోచించలేదు, వేలు దానంతటదే నడిమి దాని మీదికి పోయింది. తెర మీద కత్తివాడు ఏదో వేళాకోళం అన్నాడు, దొంగల నాయకుడు కూడా పళ్లు ఇకిలించాడు, ఇకిలిస్తూనే చెయ్యి లాగాడు. పల్లెటూరివాడి గొంతు నోరు తెరుచుకున్నట్టు తెరుచుకుంది.

"పెద్దబాపూ," సుకన్య గుమ్మంలోంచి తల పెట్టింది, "అన్నిటికీ నడిమిదే నొక్కితే ఎట్లనే? కత్తి నీ చేతులనే ఉంది, కొట్లాటకు కిందిది నొక్కాలె గద."

"నడిమిది తప్ప నాకు వేరేది రాదు బిడ్డా."

"పాపం, వాడు సచ్చె."

"సచ్చేటోడు జర నవ్వి సచ్చిండు గద."

ఆ పిల్ల నవ్వలేదు. ఒక్కక్షణం ఆయన వంక చూసి వెళ్లిపోయింది, వాళ్ల నాయిన చూపే, ఏమీ అడగని చూపు. కింద సందులో కరపత్రాలవాళ్లు టెస్టింగ్ టూల్స్, డాట్‌నెట్, డెమో ఫ్రీ అని అరుస్తున్నారు. తెర మీద శవం చుట్టూ మడుగు పెద్దదవుతోంది, రాళ్ల సందుల్లోకి పాకుతోంది, రంపప్పొట్టు మీద కూడా ఇలాగే పాకింది, కాదు, రంపప్పొట్టు తాగేస్తుంది, పైకి పాకదు, లోపలికి పోతుంది, ముందు గులాబి రంగు అవుతుంది, తర్వాత ఇటుక రంగు, తర్వాత ముద్ద. వద్దు, ఆ సంగతి వద్దు, మౌసు నొక్కు ఓదెలూ, ముందుకు నడు, అడవి, అడవిలో తోడేళ్లు, తోడేలు నోట్లో బాణాల పిల్ల చెయ్యి, నరికాడు, తోడేలు తల చేతితోపాటే పడింది, చెయ్యి, మళ్లీ చెయ్యే, ఏ మూలకు పోయినా చెయ్యే ఎదురొస్తోంది ఈ దిక్కుమాలిన ఆటలో.

ఆ రోజు కూడా మధ్యాహ్నమే. కొత్త కోచింగ్ సెంటర్ పని, గోడలింకా లేని పెద్ద హాలు, హాలు నడుమ కటింగ్ మిషన్, కరెంటు కోత పన్నెండు నుంచి రెండు దాకా. అందరూ అన్నాలు తిని పలకల మీద నడుం వాల్చారు. పెంటయ్య ఒక్కడే మిషన్ ముందు గొంతుక్కూర్చుని, రంపపు చక్రం పళ్ల మధ్య ఇరుక్కున్న పొట్టును పుల్లతో గీకి, పుల్ల అందని చోట వేళ్లు పెట్టి లాగుతున్నాడు, శుభ్రం అంటే పిచ్చి వాడికి. ఓదెలు పిల్లిలా గోడవార నడిచి స్విచ్ పైకి లేపాడు. కరెంటు లేదుగా. వాడు లేచి వెళ్లాక, రెండింటికి కరెంటు రాగానే మిషన్ దానంతటదే గుర్రుమంటే, నిద్రపోతున్న పదిమందీ దయ్యమనుకుని పలకల మీంచి దొర్లాలి, అదీ ఆయన వేసుకున్న లెక్క, అందులో పెంటయ్య లేనే లేడు, ఒట్టు, అందులో పెంటయ్య లేడు. గంట ఒకటిన్నర. కరెంటు ఎప్పుడైనా చెప్పిన టైముకు ముందు వచ్చిందా ఈ ఊళ్లో? ఆ రోజు వచ్చింది. స్విచ్ మీద వేలు ఉండగానే, నోట్లో నవ్వు ఉండగానే వచ్చింది. మిషన్ గుర్రుమనలేదు, వేరే రకంగా అరిచింది, చెక్క దొరికినప్పటి అరుపు కాదు, మెత్తటిది ఏదో దొరికినప్పుడు గొంతు మారుతుంది దానికి. మూడు వేళ్లు. ఒకటి సున్నం బస్తా దగ్గర పడింది. తను స్విచ్ ఆపాడు, ఆపిన సంగతి అందరూ చూశారు, వేసిన సంగతి ఎవరూ చూడలేదు. "ఆపిండు, అన్న ఆపిండు, లేకుంటే చెయ్యే పోతుండె," అన్నారు. పెంటయ్య తెల్లగా అయిపోయి కూలబడ్డాడు, సోమాజిగూడ దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే దారంతా గుడ్డలోంచి కారింది.

ఆ తర్వాత బుచ్చిబాబు. దేవుడా, బుచ్చిబాబు. గుంటూరు వైపు మనిషి, పని పట్టిన కాంట్రాక్టరు, సన్నగా, కళ్లద్దాలతో, కూలివాళ్లను కూడా గారు అని పిలిచేవాడు. సాయంత్రం పండ్లు పట్టుకుని దవాఖానకు బయల్దేరుతూ పని దగ్గరికి వచ్చాడు. "స్విచ్ పాతదే పెట్టించిండు వీడు, దానికదే పడ్డది!" అని ఎవరన్నారు? ఓదెలు అన్నాడు. ముందుగా రీపర్ కట్టె అందుకున్నది ఎవరు? ఓదెలు. మొదటి దెబ్బ మోకాలి మీద, పడ్డాడు, పదిమందీ తగులుకున్నారు, కళ్లద్దాలు ఎవరి కాలి కిందో పటపటమన్నాయి, బత్తాయిలు దొర్లిపోయాయి, "ఓదెలు గారూ, నాకేం తెలీదండీ, అమ్మతోడు, స్విచ్ కొత్తదేనండీ," అంటున్న మూతి మీద ఓదెలు కొట్టాడు, ఆ మాట ఆగాలని కొట్టాడు, కొత్తదే అని తనకూ తెలుసు, తనే బిగించాడు, ఆ మాట ఆగేదాకా కొట్టాడు, రెండు పళ్లు గీరుకుని పిడికిలి చర్మం ఊడింది, అయినా కొట్టాడు, తమ్ముడి కోసం ఏడుస్తున్నాడనుకున్నారందరూ, ఏడ్చిన మాట నిజమే. తర్వాత దవాఖానకు పోవడానికి రెండుసార్లు గేటు దాకా వెళ్లాడు. చేతికి కట్టు చూసి ఎవరైనా "ఇదేంది?" అని అడిగితే బుచ్చిబాబు పళ్లు అని చెప్పాలి. వెనక్కి వచ్చేశాడు. ఒక రోజు పోనివాడు రెండో రోజు ఎలా పోతాడు, పదిహేను రోజులు పోనివాడు ఏడాదికి ఎలా పోతాడు, అలా ఏడేళ్లు పోయాయి.

గుహ వచ్చింది. గుహ బయట మంట, మంట చుట్టూ నలుగురూ. పొట్టివాడు గొడ్డలి నేల మీద ఆనించి, ఎడమచేత్తో గడ్డం గోక్కుని, నిప్పులోకి చూస్తూ నెమ్మదిగా ఏదో అడిగాడు. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా అడిగిన తీరు అర్థమైంది ఓదెలుకు, ఎందుకు రాలేదన్నా అనే అడుగుతున్నాడు, ఇంకేం అడుగుతాడు. మూడు జవాబులు తెర మీద వెలిగాయి. పైదాని మీదికి చెయ్యి పోయింది. చెమట పట్టింది. పంజాగుట్టలో వాడు చూస్తూ ఉంటాడు, ఎడమ చేతిలో మౌసు పట్టుకుని, కుడిచెయ్యి జేబులో దాచుకుని, జవాబు కోసం చూస్తూ ఉంటాడు. నడిమిది నొక్కాడు. పొట్టివాడు పెద్దగా నవ్వి, గొడ్డలి భుజాన వేసుకుని, అందరికంటే ముందు ఒక్కడే గుహలోకి నడిచాడు. లోపల చీకట్లోంచి ఇంటిదూలాలంత దవడలు వచ్చి వాడిని నడుము దగ్గర పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు పిండి, రెండు ముక్కలు చేసి ఇటొకటి అటొకటి విసిరేశాయి. "తమ్మీ!" ఓదెలు లేచి నిలబడ్డాడు, కుర్చీ వెనక్కి పడింది. తెరంతా ఎర్రగా అయింది. మసకలో మళ్లీ మంట. మళ్లీ నలుగురూ. పొట్టివాడు బతికే ఉన్నాడు.

బతికాడురా, హమ్మయ్య, ఇదేం దయగల ఆట, సచ్చినవాణ్ణి తిరిగి ఇస్తుంది, ఈసారి సక్కగా మాట్లాడాలి. గొడ్డలి నేల మీద ఆనింది. ఎడమచేత్తో గడ్డం గోక్కున్నాడు. అడిగాడు. ఓదెలు మళ్లీ నడిమిదే నొక్కాడు, వేలికి వేరే దారి తెలియదు, మళ్లీ నవ్వు, మళ్లీ గుహ, ఈసారి తల ముందు పోయింది, గొడ్డలి పట్టుకున్న చెయ్యి దవడ బయట కాసేపు కొట్టుకుంది. మళ్లీ ఎరుపు. మళ్లీ మంట. మూడోసారి గొడ్డలి నేల మీద ఆనింది, అదే చప్పుడు. ఎడమచేత్తో గడ్డం గోక్కున్నాడు, మూడే గోకుళ్లు. అదే తీరుగా, అదే ముక్క దగ్గర గొంతు తగ్గించి, అదే అడిగాడు.

ఓదెలు మౌసు మీంచి చెయ్యి తీశాడు. పెంటిగాడు పుట్టిన దగ్గర్నుంచి ఒక్కమాట రెండోసారి ఒకేలా అన్నవాడు కాడు. ఆకలైతుంది అని చెప్పడానికి కూడా పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు. రెండుసార్లు నడుం విరిగి, తల తెగి వచ్చినవాడు "ఏందిరా, మల్ల గదే నొక్కుతున్నవ్, మెదడుందా?" అని గొడ్డలి తన వైపు తిప్పడూ? వీడు పెంటిగాడు కాడు. వీడు ఎవడూ కాడు. మంత్రగాడిలాగే, బాణాల పిల్లలాగే ఇదీ ఉత్త బొమ్మే. పంజాగుట్టలో ఎవరూ లేరు, మైకు అవతల ఎవరూ లేరు. గంట నుంచి ఒక బొమ్మకు పైలం చెప్పాడు, బొమ్మ కోసం కుర్చీ పడేశాడు, బొమ్మ ముందు చెమటలు కక్కాడు. నిన్నగాక మొన్న ఉంగా ఉంగా అన్న పిల్ల, వెంట్రుకలు తెల్లబడిన తనను, అమీర్‌పేటను ఆడించిన ఓదెలును, ఒక్క గీత కదలని మొహంతో కూర్చోబెట్టి ఆడించింది! ముందు వొళ్లు మండింది, లేచి ఆ కౌంటర్‌ను సుత్తితో పొడిపొడి చెయ్యాలనిపించింది, ఈ తెరను, ఈ గడ్డాన్ని, ఈ మూడు గోకుళ్లను. తర్వాత నవ్వొచ్చింది, కడుపు పట్టుకుని నవ్వాడు, శెభాష్ బిడ్డా, నా రక్తమే. ఆ నవ్వు చివర్లో ఎక్కడో తెగింది. ఎవరూ లేరు. ఎవరూ వినరు. బొమ్మకు చెబితే బొమ్మ పోదు, మళ్లీ మంట దగ్గరికే వస్తుంది, మళ్లీ గడ్డం గోక్కుంటుంది.

ఓదెలు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. తెరకు దగ్గరగా వంగాడు.

"స్విచ్ నేనే ఏసినరా తమ్మీ," అన్నాడు. "బుచ్చిబాబు కాదు. కరెంటు లేదనుకున్న. ఆళ్లను భయపెట్టాలనుకున్న, నిన్ను కాదు. నీ ఏళ్లు తీసింది నేను. బుచ్చిబాబు మూతిపండ్లు రాలగొట్టింది నేను, ఆయన తప్పేం లేదని ఎరుకుండి కొట్టిన. గా మొకం ఏసుకోని దవాఖానకు రాలేకపోయినరా. గేటు దాక వొచ్చిన. రెండుపార్లు వొచ్చిన."

పైది నొక్కాడు. పొట్టివాడు ఈసారి నవ్వలేదు, తల ఊపి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి లోపలికి నడిచారు, ఆ దవడల్ని ఇద్దరూ కలిసి చీల్చారు, గొడ్డలి ఒక వైపు, కత్తి ఒక వైపు, ఓదెలు ఏడుస్తూ నొక్కాడు, నరికాడు, ఏడ్చాడు, ఎముకలు చిట్లాయి, నెత్తురు గుహ కప్పు దాకా చిమ్మింది, చచ్చినదాన్ని కూడా ఇంకాసేపు నరికాడు.

"సాలుతియ్యన్నా," అంది నాలుగో కేబిన్. "అది సచ్చి శానసేపైంది."

ఆ గొంతు. ఓదెలు వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో పెంటయ్య నిలబడి ఉన్నాడు. నిజం పెంటయ్య, గడ్డం లేదు, గొడ్డలి లేదు, వాచ్‌మన్ ఖాకీ చొక్కా, కుడిచెయ్యి జేబులో.

"ఎ... ఎంతసేపైందిరా వొచ్చి?"

"గంటైతుంది. నువ్వు కూసున్నవని బిడ్డ ఫోన్ జేస్తె ఒచ్చిన."

"అంటె... ఇన్నవా?"

"ఇనుడేంది? నాకు గా దినమే ఎరుక. నా ఎనక నీ నవ్వు ఇనవడ్డది. నవ్వు ముందొచ్చింది, నొప్పి ఎనక ఒచ్చింది."

ఓదెలు పడిన కుర్చీని ఎత్తాలని వంగాడు, ఎత్తలేక అలాగే నేల మీద కూర్చున్నాడు. "మరి ఏడేండ్లు ఎందుకడగలేరా?"

"నువ్వెందుకు సెప్పలే? ఏళ్లు పోతె పోయినయి. పదిహేను దినాలు తలుపు దిక్కే సూసిన. నర్సు ఒస్తది, కాంపౌండరొస్తడు, కట్టుకట్టిన మూతితోని బుచ్చిబాబు సుత ఒచ్చిండు. నువ్వు రాలే."

ఓదెలు అరచేత్తో తన చెంప మీద తనే కొట్టుకున్నాడు, ఒకటి, రెండు, మూడోదానికి పెంటయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు, రెండు వేళ్ల చేత్తో, పట్టకారులా.

"కొట్టురా, నువ్వన్న కొట్టు!"

"నేనెందుకు కొట్టుడు? గంట సంది నాకు అదే పని." పెంటయ్య గొంతు సర్దుకున్నాడు. "కత్తి పట్టుకున్నోడు నువ్వేనని బిడ్డ సెప్పింది. కిందిదే నొక్కిన. ఆరుపార్లు సంపిన నిన్ను. ఒకపారి మెడకాయ నరికిన, ఒకపారి లోయలకు నూకిన, ఒకపారి కాల్చిన. సివరికైతే గింత పొగరేందిరా నీకు అనుకుంట పొట్టల పొడిసిన. ఏమనుకోకు. మనసు జర సల్లవడ్డది."

ఓదెలు తెర వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు, గుమ్మం అవతల గోళ్లు చూసుకుంటున్న సుకన్య వైపు చూశాడు. ఓహో, వీడికీ అదే కథ చెప్పిందన్నమాట! వీడింకా నమ్ముతున్నాడు. మూడుసార్లు చూస్తే తనకు తెలిసింది, ఆరుసార్లు చంపి కూడా వీడికి తెలియలేదు, అమాయకుడు, తల తెగిన మేకకు ఆకులు తెచ్చినవాడు. అది నేను కాదురా, ఉత్త బొమ్మరా అని చెబితే ఆ ఆరు చావులూ ఉత్తవైపోతాయి, చల్లబడిన మనసు మళ్లీ మండుతుంది. చెప్పడానికి మూడు జవాబులున్నాయి. ఓదెలు నడిమిది నొక్కాడు.

"గందుకేనారా!" అని మెడ పట్టుకుని గట్టిగా మూలిగాడు. "రెండింటి సంది మెడకాయ ఒకటే గుంజుతుంది! పొట్టల మంట సుత! పొద్దుగాల తిన్న పూరీలనుకున్న గదరా, సంపినోడివి నువ్వా!"

పెంటయ్య నవ్వాడు. ఏడేళ్ల తర్వాత, పళ్లన్నీ కనబడేలా. "శానా నొచ్చిందానే?"

"లోయల నూకినప్పుడైతె పానం పోయింది!" ఓదెలు లేచాడు, పంచె దులుపుకున్నాడు. "రా, కింద చాయ్ తాగుదాం. ఆడికెల్లి బుచ్చిబాబు కాడికి పోదాం. ఆయన సుత ఆరుపార్లు సంపుతనంటె సంపనీ." మెడ ఒక పక్కకు వంచి, చచ్చి బతికినవాడిలా కుంటుతూ మెట్లు దిగాడు. మలుపు తిరగగానే మెడ సరి చేసుకుని, ఇంకా తగ్గలేదు ఓదెలూ నీ చెయ్యి, తమ్ముణ్ణి ఎంత బాగా నమ్మించావురా అని తనలో తనే మురిసిపోతూ, రెండేసి మెట్లు దూకాడు.

పైన సుకన్య నాలుగో కేబిన్‌లోకి తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బాపూ, గీ కేబిన్ కంప్యూటర్ నిన్ననే రిపేరుకిచ్చిన గద. ఉత్త బల్లనే ఉంది. నీకు నేను ఆట సంగతే సెప్పలే, గీ గోడెనక మా మాటలే గద ఇన్నవ్. ఆరుపార్లు ఎట్ల సంపినవ్?"

పెంటయ్య చొక్కా సర్దుకుని మెట్ల వైపు నడుస్తూ అన్నాడు.

"సంపిన అంటెనేగద బిడ్డా, వాడు బతికేది."